హాజరు పుస్తకంలో నేను రాసిన నిజం

"మీరు ఆడపిల్లలకు ఎంత సేవ చేసిన్రు మేడం" అని ఎవరన్నా అంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతది. వాళ్ళ మీద కాదు, నా మీదనే. పోయినేడు ఒక స్కూలోళ్ళు పిలిచి పిల్లలకు నాలుగు మంచి మాటలు చెప్పమన్నరు. మోకాళ్ళ నొప్పులని తప్పించుకున్న. నా మోకాళ్ళు బాగనే ఉన్నయి. చెప్పాల్సిన సంగతి ఒక్కటే ఉంది, అది దండ వేయించుకొని చెప్పేది కాదు. అందుకే ఇక్కడ రాస్తున్న.

ఎనభైల్లో మా ఆయన బొగ్గుబాయి ఆఫీసులో క్లర్కు. పెండ్లయి బోనకల్ దిక్కు నుంచి ఆ బాయి కోటర్లకు కాపురానికి వచ్చిన నాడు నాకు ఒక్క మనిషి తెలియదు, పొద్దుపోయేది కాదు. పక్క వీధిలో ఆడపిల్లల హైస్కూలు ఉండె. అక్కడ బాలికల సేవాసంస్థ ఒకటి మొదలుపెట్టి, శనివారాలు వచ్చి పిల్లలను నడిపించేటోళ్ళు కావాలన్నరు. జీతం గీతం ఏం లేదు. నేను డిగ్రీ చదివిన, గొంతు పెద్దది, కోపం అంతకంటే పెద్దది. ఇంకేం కావాలె? విజిల్ మెడలో వేసుకొని పోయిన. నన్ను చూస్తే పిల్లలు వరుస సర్దుకునేటోళ్ళు. వాళ్ళ భయాన్ని నేను గౌరవం అనుకున్న.

కవాతు, కట్లు కట్టుడు, తాళ్ళ ముడులు, ఇవి నేర్పేది. అన్నిటికంటే ముందు ప్రతిజ్ఞ. నిజమే చెప్తం, తోటి ఆడపిల్లను సొంత చెల్లెలోలె చూసుకుంటం అని చెయ్యెత్తి చెప్పాలె. నేను ఆ మొదటి ముక్క మీదనే ఎక్కువ పట్టుబట్టేదాన్ని. ఎందుకు ఆలస్యమైందంటే సాకులు చెప్పొద్దు, నిజం చెప్పండి, నిజం చెప్పినోళ్ళను నేను ఒక్క మాట అనను అని ప్రతి శనివారం దంచేది.

నా మాటలను అందరికంటే గట్టిగ నమ్మిన పిల్ల ఒకతి ఉండె. వాళ్ళది బూర్గంపాడు అవతల అడవి అంచు పల్లె. తండ్రికి బాయిలో బొగ్గు ఎత్తే పని దొరికితే కోటర్లకు వచ్చిన్రు. సన్నగ, నల్లగ, మాట తక్కువ. కానీ దెబ్బ తగిలిన పిల్లకు కట్టు కడితే దవాఖానాలో కట్టినట్టే ఉండేది. నర్సు కావాలని ఆమె కోరిక. తండ్రి, "పదోది అయినంక ట్రైనింగుల సీటొస్తే పంపుత, రాకుంటే పెండ్లే" అన్నడు. మా సంస్థ పెద్ద సర్టిఫికెట్ ఉన్నోళ్ళను సీట్లకు ముందు చూస్తరని ఆ రోజుల్లో అందరం నమ్మేది. నేనే ఆమెకు ఆ ఆశ పెట్టిన. ఆమెకు అన్ని పరీక్షలు అయినయి. ఇగ మిగిలింది ఒక్కటే, అయిదు రోజుల సేవా క్యాంపు. అయిదు రోజులు హాజరుండాలె. రాసేది నేనే.

ఆ ఏడు క్యాంపు భద్రాచలంలో, శ్రీరామనవమికి. పదో తరగతి పరీక్షలు ముగిసినంక పన్నెండు మంది పిల్లలను తీసుకపోయిన. కళ్యాణానికి వచ్చే జనానికి చలివేంద్రంలో నీళ్ళు పోసుడు, తప్పిపోయిన పిల్లలను కూర్చోబెట్టి తల్లిదండ్రులకు అప్పజెప్పుడు మా పని. సత్రంలో రెండు గదులు ఇచ్చిన్రు. మొదటి రోజు ఆ పిల్ల ఎంత పని చేసిందంటే, ఉత్సవ కమిటీ పెద్దాయన వచ్చి "ఈ బిడ్డ ఎవరమ్మా" అని అడిగిండు. నేను మురిసిపోయిన.

రెండో రోజు పొద్దున నల్లా దగ్గర మొహం కడుక్కుంటుంటే వచ్చి నిలబడ్డది.

"మేడం, నేను బయట చేరిన."

"ఎవరికన్నా చెప్పినవా?"

"లే మేడం. మీకు చెప్పాలె గదా."

దేవునికి భయపడ్డనా అంటే, ఒట్టు, అదీ కాదు. కమిటీ ఆడోళ్ళకు తెలిస్తే ఏమంటరో అని భయపడ్డ. ఆ స్కూలు పిల్ల ముట్టుతో భక్తులకు నీళ్ళు పోసింది, ఆ మేడానికి తెలిసే పోయించింది అంటరని. ఒక్కరిని అడిగింది లేదు, అక్కడికక్కడే తీర్పు చెప్పిన.

"ఇంటికి పో."

ఆ పిల్ల బిత్తరపోయింది. "నీళ్ళ కాడికి రాను మేడం. తప్పిపోయిన పిల్లల కాడ కూసుంట. అదీ వద్దంటే గదిలనే ఒక మూలకుంట. ఏం ముట్ట."

"గది కూడా దేవుని సత్రమే. అందరం ఒక్కకాడ తింటున్నం. వద్దు."

"మరి అయిదు రోజులు?"

"నిజం చెప్పినవు, మంచి పిల్లవు. మళ్ళేడు చూద్దాంలే" అన్న. పది అయిపోయిన పిల్లకు మళ్ళేడు ఎక్కడిది? అది నాకు తెలుసు. తెలిసే అన్న.

మా కోటర్లలో ఉండే ఒక మొగుడూ పెళ్ళాం దర్శనం చేసుకొని ఆ పొద్దే తిరిగిపోతున్నరు, ఆయనకు డ్యూటీ ఉంది. వాళ్ళతో బస్సు ఎక్కించిన. "దారిలో ఎవరికీ తగలకు" అని ఒక మాట కూడా జోడించిన. ఆ మాట అవసరమా? పండుగ ముందు రోజు జనమంతా భద్రాచలం వస్తున్నరు, పోయే బస్సు ఖాళీ. ఆమె తలుపు దగ్గర కమ్మీ పట్టుకొని ఇంటిదాకా నిలబడే పోయిందట. "ఎంత చెప్పినా కూసోలే, ఏం పిల్ల మేడం అది" అని ఆ ఇల్లాలు తర్వాత నాకు చెప్పి నవ్వింది. నేను కూడా నవ్విన.

మూడో రోజు నవమి. తెల్లవారకముందే లేచిన. నాకు బయట అయింది.

ఇంకా నాలుగు రోజుల తర్వాత కావాల్సింది. నల్లా దగ్గర, నిన్న ఆ పిల్ల నిలబడ్డ గచ్చు మీదనే, నేను నిలబడి ఉన్న. నన్ను ఇంటికి పొమ్మనేటోళ్ళు ఎవరూ లేరు. పదకొండు మంది పిల్లలు, ఇంత జనం, నేను పోతే ఎట్ల, క్యాంపు చూడ్డానికి సంస్థ పెద్దావిడ జిల్లా నుంచి వస్తది, ఆమెకు ఎవరు చూపిస్తరు? మనసుకు సాకులు దొరకడానికి రెండు నిమిషాలు కూడా పట్టలే. పెట్టెలో నుంచి శుభ్రమైన బట్ట తీసుకొని, స్నానం చేసి, యూనిఫాం చీర కట్టుకొని విజిల్ ఊదిన. పిల్లలు వరుసకు వచ్చిన్రు. ప్రతిజ్ఞ చెప్పించిన.

ఆ రోజంతా నీళ్ళు పోసిన. ముసలోళ్ళ చేతులు పట్టుకొని నడిపించిన. కళ్యాణం అయినంక కమిటీ పెద్దాయన తలంబ్రాల పొట్లాలున్న పళ్ళెం నా చేతికిచ్చి, "మీరు పంచండమ్మా" అన్నడు. రెండు చేతులా అందుకున్న. ఎవరికీ ఏం కాలేదు. గోదావరి గోదావరిలెక్కనే పారింది, జనం కళ్ళకద్దుకొని పోయిన్రు. ఏం కాదని నాకు ముందే తెలుసేమో అని ఇప్పుడు అనిపిస్తది. నా సంగతి దగ్గరికి వచ్చేసరికి అంత ధైర్యం ఎక్కడి నుంచి వచ్చింది మరి?

అయిదో రోజు సంస్థ తరఫున జిల్లా నుంచి పెద్దావిడ వచ్చింది. నెరిసిన జుట్టు, మెత్తని మాట. సత్రం వరండాలో కూర్చొని హాజరు పుస్తకం తిప్పి, ఒక వరుస దగ్గర ఆగింది.

"ఈ అమ్మాయి ఒక్క రోజే ఉందేమమ్మా?"

"ఒంట్లో బాగలేదు మేడం, పంపించిన."

ఆమె కళ్ళద్దాలు తీసి నా మొహం చూసింది. "బయట చేరిందా?"

"అవ్ మేడం."

"అయ్యో, దానికి పంపుడెందుకు? ఇన్నేళ్ళుగా క్యాంపులు నడుపుతున్న, ప్రతిసారి ఇద్దరు ముగ్గురు ఉంటనే ఉంటరు. గదిలో ఉన్నా హాజరే. నీవల్ల పోయిన పిల్ల, ఆ పిల్ల తప్పేముంది? అయిదు రోజులు వెయ్యి, నేను సంతకం పెడత." పెన్ను నా వైపు జరిపింది.

వేస్తే అయిపోయేది. నాలుగు గీతలు. కానీ అవి గీస్తే నేను చేసింది తప్పని నా చేత్తో ఒప్పుకున్నట్టు. వరండా కింద పిల్లలు వింటున్నరు. నా పరువు నాకు అడ్డమొచ్చింది. వీపు నిటారుగ పెట్టి, "పిల్లలకు నిజం చెప్పమని నేర్పుతున్నం మేడం. లేని హాజరు నేనెట్ల వేస్త?" అన్న.

ఒంటి మీద ఆ బట్టతోనే నిలబడి అన్న ఆ మాట.

"నీ ఇష్టమమ్మా" అని ఆమె పదకొండు మందికి సంతకాలు పెట్టింది.

ఆ పిల్లకు సీటు రాలేదు. ఆ ఒక్క కాగితం ఉంటే వచ్చేదా అంటే చెప్పలేను. అట్ల చెప్పలేకపోవుడు నాకు చాన ఏండ్లు దాక్కోవడానికి పనికొచ్చింది. తండ్రి అన్న మాట ప్రకారం కల్లూరు దిక్కు సంబంధం ఖాయం చేసిండు. మరుసటేడు క్యాంపులో పదిమంది పిల్లలున్నరు, ఒక్కతి కూడా నాకు ఏ సంగతీ చెప్పలే. పిల్లలు హుషారైన్రు. నేను వాళ్ళకు నేర్పింది అదే.

క్యాంపు అయిన ఆ ఏడే, పెండ్లికి ముందు, వానలు మొదలైనంక, ఆ పిల్ల టీసీ కోసం స్కూలుకు వచ్చింది. ఆ రోజు శనివారం. గ్రౌండు చివర నా కోసం నిలబడి, కాగితంలో చుట్టిన పొట్లం ఒకటి ఇచ్చింది. విప్పితే మా సంస్థ స్కార్ఫు. స్కూలు విడిచిపోయేటోళ్ళు దాన్ని తిరిగి ఇచ్చుడు మా పద్ధతి. గంజి పెట్టి, మడత చెదరకుండ ఇస్త్రీ చేసింది.

"ఆ రోజు మెడలనే ఉండె మేడం. అందుకే రెండుసార్లు ఉతికిన. ఎవరికిచ్చినా ఏం కాదు" అన్నది.

మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది, నాకు కోపమన్నా వచ్చేది. నిజంగనే నా దగ్గర నేర్చుకున్న పాఠం అప్పజెప్తున్నది. నాదీ ఆ పండుగలో అదే సంగతి బిడ్డా, నేనే దాచిన, నీకు అన్యాయం చేసిన అని నోటిదాకా వచ్చింది. చుట్టూ పిల్లలు ఉన్నరు. "మంచిది, సుఖంగ ఉండు" అన్న. ఆమె నమస్తే పెట్టి పోయింది. నా మెడలో కూడా అట్లాంటి స్కార్ఫే ఉంది. పండుగ నుంచి వచ్చినంక దాన్ని నేను ఒక్కసారి కూడా ఉతకలే.