కాయిల్ రుచి చూసిన ముసలమ్మ

శ్రీకాకుళం బస్సులో నా ఒళ్ళో, నాలుగోసారి మాడిపోయిన బాయిలర్ కాయిల్ ఉంది. ఐదోసారి మాడితే మెకానిక్‌నైన నన్నే మార్చేస్తానని జీడిపప్పు ఫ్యాక్టరీ యజమాని, బాయిలర్ కన్నా ఎక్కువ ఆవిరి కక్కుతూ చెప్పాడు. నా కాళ్ళు ఆడిన ఊపుకి ఆ బస్సు డీజిల్ లేకుండానే ఎచ్చెర్ల దాటేసింది.

పక్క సీటులో చేపల తట్టతో కూర్చున్న ముసలమ్మ, "ఏటి బాబూ, పసిబిడ్డనాగ ఎత్తుకున్నావు?" అంది.

"బాయిలర్ కాయిలమ్మా. వైర్లు, స్విచ్చి, మీటరు అన్నీ మార్చాను. అయినా మాడిపోతోంది."

ఆవిడ దానిమీది తెల్లటి పెచ్చుని గోటితో గీకి నాలిక మీద వేసుకుంది.

"ఉప్పు బాబూ ఇది! అన్నీ మార్సినావు గానీ, నీల్లు మార్సినావేటి?"

మార్చలేదు. మా ఫ్యాక్టరీ బోరు సముద్రం పక్కనే ఉంది.

ఇప్పటికీ ఏ బాయిలర్ దగ్గరికి వెళ్ళినా, ముందు దాని నీళ్ళు ఓ గుక్క తాగి, తరవాతే స్పానర్ తీస్తాను.