తిప్పన్నను మంచం దించిన రోజు

నర్సు నీలావతికి ముక్కు మీదే కోపమని ధర్మవరం ఆసుపత్రిలో ఊడ్చే మనిషి మొదలు డాక్టరు దాకా అందరూ అంటారు. అననీ! రోజూ పెనుకొండ నుంచి బస్సులో నిలబడి వచ్చి, ఆ ఆయాసం రోగుల వార్డులో ఒక్క పూట పని చేస్తే తెలుస్తుంది ఆ కోపం ఎందుకొస్తుందో. ఆమె కిటికీ తెరిస్తే ఒకరు మూసేస్తారు, గాలి తగులుతుందట. నెబులైజరు పెడితే ఇంకొకరు పీకేస్తారు, అలవాటైపోతుందట. మందు పీల్చి, వెంటనే బయటికెళ్లి బీడీ ముట్టించే మహానుభావుల సంగతి సరేసరి.

ఆ వారం ఆమె ధ్యాసంతా తిప్పన్న మీదే. పట్టుచీరలు నేసే మనిషి. బీడీలకు ఊపిరితిత్తులు పాడై, నడుం వాలిస్తే చాలు ఊపిరాడదు. కూర్చుంటేనే ప్రాణం. ఎలా కూర్చోవాలో డాక్టరు చెప్తే ఆయనకు ఎక్కలేదు.

"మగ్గం ముందర ఎట్ల కూచుంటావు పెద్దనాయనా? కాళ్లు గుంతలోకి ఇడిచి, ముందుకు వంగి. అట్లనే కూచో" అంది నీలావతి. ఎదురుగా బల్ల లాగి దిండు పెట్టింది. ఆయన దాని మీద మోచేతులు ఆనించి, పెదాలు ముడిచి మెల్లగా గాలి వదలడం నేర్చుకున్నాడు. నాలుగు రోజులకు ఎగతాళి చేసే ఓపిక కూడా వచ్చింది.

"మగ్గమైతే బాగుండాది పాపా, పట్టు యాడ?"

ఇంకొద్ది రోజుల్లో ఇంటికి పోవచ్చని డాక్టరు కూడా అన్నాడు. అంత కష్టపడి గట్టున పడేసిన మనిషి.

ఆ మధ్యాహ్నం ఆయాసం కాస్త ఎక్కువైందని మూతికి ఆక్సిజన్ మాస్కు పెట్టి, ఆమె పక్క వార్డుకు వెళ్లింది. అంతలో కొత్తచెరువు నుంచి తిప్పన్న అన్న గంగప్ప నలుగురిని వెంటేసుకొని దిగాడు. మాస్కు చూడగానే గుండెలు బాదుకున్నాడు. కరోనాలో ఆ మాస్కు పెట్టించుకున్న తన బంధువుల్లో ఒక్కరూ తిరిగి ఇల్లు చేరలేదు.

"మూతికి ఇది పెట్టినారంటే ఇంగ అయిపోయినట్టే. మంచం మీద ప్రాణం పోగూడదు, దించండప్పా!"

దించారు. చాప పరిచి వెల్లకిలా పడుకోబెట్టారు. పాలు పోయడానికి అడ్డమని మాస్కు తీసేశారు. మొదటి చెంచా పాలు భార్య కదిరమ్మ చేత పోయించారు. పాపం ఆయన కాళ్లూ చేతులూ కొట్టుకుంటుంటే, "పోతాండాడు, పోతాండాడు" అని ఏడుపు అందుకున్నారు.

ఆ ఏడుపు విని నీలావతి పరుగున వచ్చింది. తిప్పన్న పెదాలు నల్లబడుతున్నాయి. గంగప్ప చేతిలోని గ్లాసును ఒక్క దెబ్బ కొట్టింది. పాలు గోడకెగిరి పడ్డాయి.

"మీరు మనుషులేనా? లేపండి! లేపండంటే!"

తనే కింద కూలబడి, ఆయన్ని లేపి కూర్చోబెట్టి, వీపుకు మోకాలు ఆనించి ముందుకు వంచింది. గొంతులోని పాలు గొట్టంతో లాగేసి మాస్కు పెట్టింది. "మగ్గం ముందర కూచో పెద్దనాయనా! వంగు! గాలి వదులు!" డాక్టరు వచ్చేసరికి తిప్పన్న దగ్గాడు, మళ్లీ దగ్గాడు. పెదాలకు మెల్లగా రంగు తిరిగింది.

అందరూ కలిసి ఆయన్ని మంచమెక్కించారో లేదో, గంగప్ప అందుకున్నాడు. "సచ్చే మనిషి నోటికాడి పాలు ఎగరగొడ్తివే! మీ ఇంట్లో ఎవురూ సావలేదా?"

"సచ్చినాడు! మా నాయన!" వార్డంతా అదిరింది. "ఆయాసంతో ఉంటే ఇట్లనే పండబెట్టి, ఇట్లనే పాలు పోసినారు. అవి కడుపులోకి పోవప్పా, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. నీ తమ్మునికి సావు రాలేదు. నువ్వు తెచ్చినావు!"

అప్పుడామె పదో తరగతి. పాలు మింగి పోయాడు, పుణ్యాత్ముడు అన్నారు ఊళ్లోవాళ్లు. ఆమె కూడా అదే నమ్మింది. తర్వాత నర్సింగు క్లాసులో ఆయాసం రోగిని ఎందుకు పడుకోబెట్టకూడదో పాఠం చెప్తుంటే, బెంచీ మీద నుంచి లేచి బయటికి వెళ్లిపోయింది.

గంగప్ప గొణుక్కుంటూ బయటికి నడిచాడు. కదిరమ్మ మాత్రం వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

"మొదటి చెంచా నేనే పోస్తి పాపా. పోయింటే నేనే సంపినట్టు గదా?"

అంతసేపూ అరిచిన మనిషి గొంతు తగ్గించింది. "నీకెవరూ చెప్పలేదు గదా పెద్దమ్మా" అని మాత్రం అంది.

సాయంత్రం ఇంటికొచ్చాక తల్లి అడిగింది. "ఎవరిమీద అరిచినావే, గొంతు అట్లుండాది?"

"ఆయాసం మనిషికి పాలు పోస్తాంటే, వద్దని."

"వద్దంటే ఎట్లమ్మా? దానికీ అదృష్టం ఉండాల. మీ నాయన కడసారి తాగిన పాలు నా చేతివే" అంది తల్లి గర్వంగా, ఎప్పుడూ అనేటట్టే.

నీలావతి చప్పున లేచి వంటింట్లోకి వెళ్లింది. తోమిన గిన్నెలనే మళ్లీ ముందేసుకొని, దబదబా తోమడం మొదలుపెట్టింది.