చేతికి మిగిలిన ఆముదం

హుకుంపేట సంతలో మంగలి సన్యాసి కత్తి అంటే అందరికీ తెలుసు. ఆ కొండల మంచుకీ ముసురుకీ ఎవరి కత్తయినా తుప్పు పట్టేది, అతనిది మాత్రం అద్దంలా మెరిసేది. "మా అయ్య కత్తి. ఇనుము అలాటిది," అనేవాడు. ఆ గీరకేం తక్కువ లేదు.

రోజూ సాయంత్రం భార్య పైడమ్మ ఆ కత్తిని తడి లేకుండా తుడిచేది. తలకి ఆముదం రాసుకుని, చేతికి మిగిలిన జిడ్డు దానికి పూసి, పొడిగుడ్డలో చుట్టేది. "ఆడదానివి, కత్తి ముట్టుకుంటావేటే?" అని కసిరేవాడు. ఆమె తన పని తాను చేసుకుపోయేది.

తొంభయ్యారు శ్రావణంలో మలేరియా పైడమ్మను తీసుకుపోయింది.

పదో రోజున సన్యాసికి గుండు గీయడానికి ఎస్.కోట నుంచి తమ్ముడొచ్చాడు. అన్న కత్తితోనే గీద్దామని గుడ్డ విప్పితే అంచంతా ఎర్రటి తుప్పు.

"తుడిసి నూనె రాయాల గదన్నా. ఇన్నాళ్లూ ఎవరు రాసేవోరు?"

సన్యాసి తల వంచి అతని ముందు కూర్చున్నాడు. తమ్ముడు తన కత్తితోనే పని కానిచ్చాడు.

ఆ సాయంత్రం సన్యాసి బూడిదతో తుప్పు తోమి, తుడిచి, అరచేతిలో ఆముదం ఒంపుకున్నాడు. కత్తికి పూయబోయి ఆగాడు. ముందు తన బోడితలకి రాసుకున్నాడు. చేతికి మిగిలింది కత్తికి పూశాడు.