సెంటు పూసుకుని వచ్చిన పెళ్ళికొడుకు

కోలార్ కాలేజీలో నన్ను ప్రేమించిన రవి, ఉద్యోగం రాగానే మాస్తి దగ్గరున్న మా ఊరికి పెళ్ళి మాట్లాడటానికి వచ్చాడు. కులం, జీతం గురించి అడిగితే చెప్పాల్సిన జవాబులు ఇద్దరం బట్టీ పట్టాం. నాన్న పట్టుపురుగుల షెడ్డులో ఉన్నారు. కేజీఎఫ్‌లో పెరిగిన రవికి పురుగుల సంగతేం తెలుసు? సెంటు ఘుమఘుమలతో నేరుగా లోపలికి నడిచాడు.

"ఎవురప్పా నువ్వు? ఈ వాసనకి పురుగులు మేత మానేస్తాయి, బయటికి పో!"



"మీ అమ్మాయిని పెండ్లి చేసుకుంటాను సార్," అన్నాడు రవి.

"అది ఇంగ నిదానంగా మాట్లాడొచ్చు. ముందు నీళ్ళు పోసుకోని రా!"

స్నానం చేసి, నాన్న లుంగీలో వచ్చిన రవిని వాసన చూసి మరీ లోపలికి రానిచ్చారు. మేం జవాబులు బట్టీ పట్టిన ప్రశ్నలు ఆయన ఇప్పటికీ అడగలేదు. ముహూర్తం మాత్రం పురుగులే పెట్టాయి. అవి గూళ్ళు కట్టాకే నా మెడలో తాళి పడింది.