నాయనమ్మ పేరు చెప్పి కట్టించిన వంతెన

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక రైలు ఉండేది. తాళంచెవి తిప్పితే నడిచే ఇనుప బొమ్మ రైలు. ఒక ఇంజను, నాలుగు డబ్బాలు, ఒక పెట్టె నిండా పట్టాలు. మా తాతయ్య మంచి రోజుల్లో బొంబాయి నుంచి తెప్పించాడు. నాకు తెలివి వచ్చేసరికి తాతయ్య లేడు, భూములు లేవు, గడీ అనే మా దొరల మేడలో సగం గదులకు పైకప్పు లేదు. మా నాన్న హైదరాబాదులో గుమాస్తా. ఇంట్లో ఆ మాట ఎవరూ అనేవారు కాదు. ‘పట్నంలో ఉంటున్నాడు’ అనేవాళ్లం.

మా ఇంట్లో తప్పు ఒప్పుకునే అలవాటు లేదు. అందువల్ల ఈ సంగతి రాయడానికి నాకు ఇంత కాలం పట్టింది.

మాది రఘునాథపల్లికి రెండు మైళ్ల దూరంలోని ఊరు. నేను జనగామలో బంధువుల ఇంట్లో ఉండి చదువుకుంటున్నప్పుడు, అరవై తొమ్మిదిలో, ప్రత్యేక తెలంగాణ కోసం ఉద్యమం లేచింది. బడులు మూతపడ్డాయి. పెద్ద విద్యార్థుల వెనక ఊరేగింపుల్లో నేనూ తిరిగాను. మా కొలువులు మాకే కావాలని, మా మీద పెత్తనం ఎవరిదని గొంతు బొంగురుపోయేదాకా అరిచాను. భయపడి నాయనమ్మ నన్ను ఊరికి రప్పించింది. అక్కడా ఊరుకోలేదు. పది మంది పిల్లలను పోగుచేసి స్టేషను దాకా నడిపించి అవే మాటలు అరిపించాను. రైళ్లు ఒకరోజు నడిస్తే రెండు రోజులు ఆగిపోయేవి.

ఎండాకాలం పోయి మొదటి వాన పడ్డా బడి తెరవలేదు. మేడ మీది పొడుగాటి గదిలో నేను రైలు పట్టాలు పరుచుకున్నాను. గదికి రెండు పక్కలా పాత టేకు పెట్టెలు ఉండేవి. రైలు ఒక పెట్టె మీద బయలుదేరి, మధ్యలో ఖాళీ దాటి, రెండో పెట్టె మీదికి చేరాలని నా కోరిక. ఒక పలక అడ్డం వేసి చూశాను. ఇంజను నడిమధ్యకు రాగానే పలక వంగి అంతా కింద పడింది. ఇంజను పొగగొట్టం సొట్టపోయింది. మా వాగు మీది రైలు వంతెన లాంటిది కావాలనిపించింది.

ఊళ్లో అలాంటిది చేయగలిగినవాడు ఒక్కడే, వడ్రంగి. ఆయన వయసు మా తాతయ్య కంటే కొంచెమే తక్కువ. అయినా మేమంతా ఆయనను ఏకవచనంతోనే పిలిచేవాళ్లం. ఆ పిలుపు ఇక్కడ రాయడానికి ఇప్పుడు చెయ్యి రావడం లేదు. మా వైపు వడ్రంగిని వడ్లాయన అంటారు కాబట్టి వడ్ల తాత అని రాస్తాను. అప్పుడు ఒక్కసారి కూడా అలా పిలవలేదు.

ఒక సాయంత్రం ఆయన కొట్టం ముందు నిలబడి, నాయనమ్మ రమ్మన్నదని, గడీలో పని ఉందని చెప్పాను. అది అబద్ధం. నాయనమ్మ ఎవరినీ పిలవడం మానేసి చాలా ఏళ్లయింది. పిలిస్తే రాకపోతారేమోనన్న భయంతో, తలుపు ఊడి వేలాడుతున్నా ఆమె వడ్రంగికి కబురు పెట్టేది కాదు. నాకు కావాలని చెప్పవచ్చు కదా అని ఇప్పుడు మీకు అనిపించవచ్చు. మా ఇంట్లో ఎవరూ అలా అడగడం నేను చూడలేదు. పెద్దవాళ్ల పేరు చెప్పేవారు, పని జరిగిపోయేది.

వడ్ల తాత మర్నాడు పొద్దున్నే వచ్చాడు. దొరసానికి దండం పెట్టి వస్తానంటే పూజలో ఉందని చెప్పాను. ఆయన ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి మేడ ఎక్కాడు. రెండు పెట్టెల మధ్య దారం పట్టి కొలిచాడు.

“పట్టాల మీది రైళ్లే నడుస్తలేవు చిన్న దొరా, నువ్వు మేడ మీద నడిపిస్తనంటవ్” అని నవ్వాడు.

ఆ పూటే నన్ను వాగు దగ్గరికి తీసుకుపోయాడు. వయసులో ఉన్నప్పుడు ఆ వంతెన మీద పట్టాల కింది కర్ర దిమ్మెలు మార్చే పని చేశాడట. ఈ చివర నుంచి ఆ చివర దాకా గట్టు వెంట నన్ను అంగలు లెక్కపెట్టమన్నాడు. అరవై వచ్చాయి. ఒక అంగకు ఒక వేలి వెడల్పు చొప్పున మన వంతెన అరవై వేళ్ల పొడుగు ఉండాలన్నాడు. ఇనుప కమ్ములు ఎక్కడ నిలువుగా ఉన్నాయో, ఎక్కడ ఏటవాలుగా ఉన్నాయో ఇసుకలో పుల్లతో గీయించాడు. గీత తప్పినప్పుడల్లా చేత్తో చెరిపి మళ్లీ గీయమన్నాడు. నాకు ఏ పంతులూ అంత ఓపికగా ఏదీ నేర్పలేదు.

ఇక్కడ ఒక కట్టుబాటు గురించి చెప్పాలి. పూర్వం గడీ పని మొదలుపెట్టిన వడ్రంగి అది పూర్తయ్యేదాకా రైతుల పని ముట్టుకోకూడదు. నాగలి విరిగినా, బండి చక్రం ఊడినా వాళ్లు ఆగాల్సిందే. ఆ కట్టు మా భూములతో పాటే పోయిందని అందరూ అనుకున్నారు. వడ్ల తాత దాన్ని మళ్లీ బయటికి తీశాడు.

ఆ మధ్యాహ్నం ఆయన కొట్టంలో కూర్చుని నేను సన్నటి టేకు బద్దలను నునుపు చేస్తున్నాను. ఊరి చివర ఉండే ఒకామె గొర్రు మోసుకుని వచ్చింది. గొర్రు అంటే తెలియనివారికి చెబుతాను, ఎడ్లకు కట్టి చేనులో విత్తనం వేసే పనిముట్టు. దాని పన్ను ఒకటి విరిగింది. బాగుచేయడం అరపూట పని. ఆమెకు భర్త లేడు. వాన మీదే పండే రెండెకరాల చెలక ఉంది, ఎడ్లు లేవు.

“ఎల్లుండి పొద్దుగాల ఎడ్లిస్తమన్నరే అన్నా. గా ఒక్క పూటనే. తడి ఆరకముందే జొన్నలేస్త” అంది.

వడ్ల తాత తల ఎత్తకుండానే జవాబిచ్చాడు. “గడీ పని వట్టిన చెల్లె. అది అయ్యేదాక ఇంకోటి ముట్టరాదు.”

ఆమె నా చేతిలోని బద్దను చూసింది. నన్ను చూసింది. “గడీ పనా” అని మాత్రం అంది. గొర్రు గోడకు ఆనించి వెళ్లిపోయింది. వాదించలేదు. ఆమె వాదించి ఉంటే నేను ఏమైనా అనేవాడినేమో.

ఆమె పోయాక వడ్ల తాత అడిగాడు, దొరసానికి ఈ పని అంత తొందరగా కావాలా అని. ఆ ప్రశ్నకు ఒక్క నిజం సరిపోయేది. నేను ఇంకొక అబద్ధం చెప్పాను. ఎల్లుండికల్లా కావాలన్నదని, ఆలోగా వేరే పని పెట్టుకోవద్దన్నదని చెప్పాను. ఒప్పుకుంటే వంతెన ఆగిపోతుందని నా భయం. ఆయన సరే అని తల ఊపి బాడిస అందుకున్నాడు.

రెండో రోజు నాలుగు బద్దలతో చదరం కట్టి నా చేతికిచ్చి ఊపమన్నాడు. అది అటూ ఇటూ ఒరిగింది. మూల నుంచి మూలకు ఒక బద్ద వేసి మళ్లీ ఊపమన్నాడు. కదలలేదు. నాకు ఒళ్లు పులకరించింది. అలాంటివి పన్నెండు కట్టాం. ఆ గొర్రు నా వెనకే గోడకు ఆని ఉంది. ఆ రెండు రోజులూ నా చిన్నతనంలోకెల్లా సంతోషంగా గడిచిన రోజులు. అది దాచుకుంటే ఈ రాతకు అర్థం లేదు. ఆ సాయంత్రం ఆయన ఇంకోసారి, వేరే మాటల్లో, దొరసాని సంగతి అడిగాడు. అదే జవాబు చెప్పాను.

మూడో రోజు పొద్దున్నే వంతెనను చెరో కొస పట్టుకుని గడీకి మోసుకొచ్చాం. పెట్టెల మధ్య పెట్టాక, రైలు కంటే ముందు రోటి పొత్రం తెమ్మన్నాడు. అంత బరువు నడిమధ్య పెట్టినా వంతెన వంగలేదు. పట్టాలు బిగించి, తాళంచెవి తిప్పి ఇంజను వదిలాను. నాలుగు డబ్బాలూ గలగలమంటూ ఖాళీ మీదుగా వెళ్లి అవతలి పెట్టె మీద ఆగాయి.

కింద వాకిట్లో మనిషి గొంతు వినిపించి కిటికీలోంచి చూశాను. ఆ గొర్రు ఆమే. చెప్పులు గేటు బయటే విడిచి, చెంగు భుజం చుట్టూ కప్పుకుని నిలబడింది. అరుగు మీద నాయనమ్మ ఉంది.

“ఎడ్లు వచ్చి నిలవడ్డయి దొరసాని. మద్యాన్నానికి ఇంకొగలకు పోవాలె అవి. మీ పని అయిందంటే నా గొర్రు చేస్తడట. జర చెప్పుండ్రి” అంది.

నాయనమ్మ ఏ పని అని అడగలేదు. అడిగితే మా ఇంటి పేరు మీద ఎవరో అబద్ధం ఆడారని ఆమె ముందు తేలిపోతుంది. తల ఎత్తి మేడ కిటికీ వైపు చూసింది. నేను పక్కకు తప్పుకున్నాను. నోరు తెరిస్తే చాలు. తెరవలేదు.

“అయింది. పోయి చేయించుకో” అంది నాయనమ్మ.

వడ్ల తాత అప్పటికే మెట్లు దిగి, సామాను సంచి భుజాన వేసుకుని పరుగులాంటి నడకతో పోతున్నాడు. ఆ వయసులో ఆయన అలా నడవడం నేను మళ్లీ చూడలేదు. పన్ను చెక్కి బిగించేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. ఎడ్లవాళ్లు ఆగినంతసేపు ఆగి వెళ్లిపోయారు. ఆమెకు మళ్లీ ఎడ్లు దొరికేసరికి చెలకలో తడి ఆరింది. తర్వాతి వాన చాలా రోజులకు గాని పడలేదు. చుట్టూ జొన్న మనిషెత్తు లేచిన ఏడాది, ఆమె చేను మోకాలి దగ్గర ఆగిపోయింది.

నాయనమ్మ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. మేడ ఎక్కి వంతెనను చూడను కూడా లేదు. మర్నాడు అన్నం పెడుతూ, “వడ్లాయన దగ్గరికి పో. నీ నోటితోనే చెప్పి రా” అంది. ఆయనను గౌరవంగా అనడం ఆమె నోట మొదటిసారి విన్నాను.

పోయాను. చెప్పాల్సింది నేను మొదలుపెట్టకముందే ఆయన అందుకున్నాడు.

“దొరసాని నన్ను పిలువక ఎన్నేండ్లాయెనో నాకు తెల్వదా? నువ్వు వాకిట్ల నిలవడ్డప్పుడే తెలిసింది.”

మరి ఎందుకు వచ్చావని అడిగాను. ఆయన చేతిలోని పని ఆపాడు.

“పోరడు ముచ్చటపడ్డడు, చేద్దమనుకున్న. గామె వచ్చినంక, ఆమె మొఖం జూసి నువ్వే చెప్తవనుకున్న. స్టేషన్ కాడ గంత గట్టిగ ఒర్రితివి, మా మీద పెత్తనం ఎవనిదని. గీ చిన్న మాట ఎందుకు రాదనుకున్న. నీ నోటికెల్లి ఇనాలని మూడు దినాలు ఆగిన.” చేతులు దులుపుకుని, “నీకు బుద్ధి జెప్పబోయి ఆమె చేను ఎండవెట్టిన. తప్పు నాది గూడ. నాది నేను ఆమెకు చెప్పుకున్న. నీ సంగతి చెప్పలే. అది నువ్వు చెప్పుకోవాలె” అన్నాడు.

ఆ నెలలో వడ్ల తాత రెండు రోజులు పని మానుకుని ఆ చేనులో కలుపు తీశాడు. మగవాడు, అందులో వడ్రంగి, ఆడవాళ్ల వరుసలో వంగి కలుపు తీస్తుంటే ఊరంతా నవ్వింది. ఒకామె కొంగు కప్పుకొమ్మని ఎగతాళి కూడా చేసింది. నేను ఆ చేను గల ఆమెకు చెప్పి వద్దామనే వెళ్లాను. గట్టు దాకా వెళ్లాను. అంతమంది ముందు ఎలా అనుకుని తిరిగి వచ్చాను. ఆమె ఒంటరిగా ఉన్నప్పుడు చెబుదామనుకున్నాను. ఒంటరిగా చాలాసార్లు కనిపించింది.

ఆ తర్వాత నేను రైలు నడపలేదని రాస్తే బాగుంటుంది. నడిపాను. బడి తెరిచేదాకా రోజూ నడిపాను. మెచ్చుకున్నవాళ్లతో నేనే కట్టానని చెప్పాను.

చదువైపోయి, ఉద్యోగం చేసి, గడీ గోడలు కూడా పోయాక ఆ ఊళ్లోనే చిన్న ఇల్లు వేసుకున్నాను. ఎవరినైనా ఏదైనా అడగాల్సి వస్తే ‘నాకు కావాలి, చేస్తారా’ అని నా నోటితోనే అడుగుతాను. కాదంటే తిరిగి వస్తాను. వడ్రంగిని, మంగలిని, కూలికి వచ్చిన పిల్లను కూడా ‘మీరు’ అంటాను. ఈయనకు గర్వం ఎక్కువ, మర్యాద ఇంకా ఎక్కువ అని ఊళ్లో నవ్వుకుంటారని తెలుసు. అంతవరకు వడ్ల తాత నాకు నేర్పాడు.

మిగతాది నేర్చుకోలేదు. గొర్రు మోసుకొచ్చిన ఆమె చాలా ఏళ్లు బతికింది. ముసలితనంలో ఇంటి ముందు నులక మంచం వేసుకుని కూర్చునేది. నేను ఆ దారిన పోయిన ప్రతిసారీ, మోకాళ్లు పట్టుకుని, గోడ ఊతంగా లేచి నిలబడేది. కూర్చో అవ్వా, నా కోసం లేవకు అనడానికి ఎన్నోసార్లు నోటి దాకా వచ్చింది. ఎందుకు లేవకూడదో కూడా అప్పుడు చెప్పాల్సి వస్తుంది. ఆమె లేచి నిలబడేది. నేను తల ఊపి, అడుగు తడబడకుండా ముందుకు పోయేవాడిని.