నలభై ఒకటో మలుపు దగ్గర పిట్టగోడ

వీధిలో ఆయన్ని జాగ్రత్తగారు అంటారు. ఈ బిరుదు ఏ సభలోనూ ఎవరూ శాలువా కప్పి ఇచ్చింది కాదు. పూర్తిగా స్వయంకృషి. గ్యాస్ కట్టేశామో లేదో చూసుకోవడానికి వీధి చివరి నుంచి వెనక్కి రావడం అందరూ చేసే పనే. జాగ్రత్తగారు బస్సెక్కి, రెండు స్టాపులు దాటాక దిగి వస్తారు. తాళం వేసి మూడుసార్లు లాగుతారు, నాలుగోసారి భార్య చేత లాగించి, ఆవిడ సాక్ష్యం మీద కదులుతారు. కుర్చీలో కూర్చోబోయే ముందు దాని కాళ్ళు నాలుగూ లెక్కపెట్టుకుంటారని బావమరిది ఊరంతా ప్రచారం చేశాడు. అది అన్యాయం. ఆయన ఊపి చూస్తారంతే.

ఇంతటి మనిషి ఉద్యోగం చేసేది రోడ్ల శాఖలో. రోడ్డు మీద కాదు, రోడ్డు బొమ్మ మీద. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా నక్షా విభాగంలో డ్రాఫ్ట్స్‌మన్. సముద్రం ఒడ్డున కొండ నడుం పట్టుకుని మెలికలు తిరిగే నాలుగు వందల పన్నెండు కిలోమీటర్ల రోడ్డును ఆయన ఈ చివరి నుంచి ఆ చివరికి ఐదుసార్లు గీశారు. ఎనభై ఆరు మలుపులూ నెంబర్లతో సహా నోటికొచ్చు. కంటితో మాత్రం ఒక్కటీ చూడలేదు.

"ఇన్నేళ్ళ నుంచీ ఆ రోడ్డు జీతం తింటున్నారు కదా, ఒక్కసారైనా చూసి రావద్దూ?" అని భార్య ఏటా అడిగేది. ఆవిడ టైలరు. ముందుగదిలో మిషను, కత్తిరింపుల బల్ల, గోడ నిండా వేలాడే బట్టలు ఆవిడ సామ్రాజ్యం. ఆయన ఏటా ఒక కారణం చెప్పేవారు. ఒక ఏడు వానలు, ఒక ఏడు నడుంనొప్పి, ఒక ఏడు "సముద్రపు గాలికి పళ్ళు జివ్వుమంటాయిట" అన్నారు. ఆవిడ వాదించలేదు. యాభై రెండో ఏట డ్రైవింగ్ నేర్చుకుంది. లైసెన్సు తెచ్చుకుంది. ఎవరో వాడి వదిలేసిన చిన్న కారొకటి కొని, ఇంటి ముందు నిలబెట్టి, హారన్ కొట్టింది.

"ఏమండీ, ఇక కారణాలు చెప్పండి, వింటాను."

ఆయన బయటికొచ్చి నాలుగు చక్రాలూ తట్టి చూశారు.

ఇక్కడ పాఠకులకి ఒక రహస్యం చెప్పాలి. జాగ్రత్తగారి భయాలు చాలా ఉన్నట్టు కనిపిస్తాయి గానీ నిజానికి ఉన్నది ఒక్కటే. మిగతావన్నీ దాని పిల్లలు. ఆ తల్లి భయం నలభై ఒకటో మలుపు దగ్గరుంది.

నక్షాలో ఒక నియమం ఉంది. కట్టినదాన్ని నిండు గీతతో గీయాలి, కట్టబోయేదాన్ని చుక్కల గీతతో గీయాలి. పదకొండేళ్ళ క్రితం నలభై ఒకటో మలుపు దగ్గర, సముద్రం వైపు అంచున, ఇరవై ఎనిమిది మీటర్ల పిట్టగోడ కట్టాలని నిర్ణయమైంది. చుక్కలు పెట్టాల్సింది. "వచ్చే నెలలో పని మొదలట" అని ఎవరో అన్నారు. వచ్చే నెలలో మొదలయ్యేదానికి ఇప్పుడు చుక్కలు పెట్టి, ఆర్నెల్లకి మళ్ళీ చెరిపి గీత గీయడం ఎందుకని, జీవితంలో మొట్టమొదటిసారి తెలివి ఉపయోగించి, ఆయన నిండు గీత గీసేశారు.

ఆ శాఖలో మరమ్మతుల జాబితా రోడ్డు చూసి రాయరు, నక్షా చూసి రాస్తారు. జాబితా రాసేవాడు నక్షా తెరిచాడు, గోడ కనపడింది. ఉన్న గోడను మళ్ళీ కట్టమంటారేమిటని కాగితం మీద టిక్కు పెట్టి ఫైలు మూసేశాడు. అలా ఆ గోడ కట్టకుండానే పూర్తయింది. మూడు నెలల తర్వాత సంగతి తెలిసి జాగ్రత్తగారికి పై ప్రాణాలు పైనే పోయాయి. చెబుదామని రెండుసార్లు పెద్ద ఇంజనీరు గది గుమ్మం దాకా వెళ్ళి, తలుపు కీలు కిర్రుమంటోందని చెప్పి వచ్చేశారు. అప్పట్నుంచీ తేలు కుట్టిన దొంగే. పొద్దున్నే పేపరు రాగానే ప్రమాదాల పేజీ చూస్తారు. నలభై ఒకటి అన్న మాట లేకపోతేనే టీ తాగుతారు. అన్నీ పేపర్లో వస్తాయా అన్న ప్రశ్న మాత్రం టీతో పాటు లోపలికి దిగేది.

ఆదివారం కత్తిరింపుల బల్ల మీద ప్రయాణ సభ జరిగింది. బావమరిది కూడా వచ్చాడు. బస్సు డిపోలో మెకానిక్కు, నోటికి బ్రేకుల్లేని మనిషి.

"ఎక్కడెక్కడ ఆగాలో నేను అనుకున్నాను," అంది ఆవిడ. "లైట్‌హౌసు దగ్గర ఒకటి, పడవల రేవు దగ్గర ఒకటి. ఆ తర్వాత నలభయ్యో నలభై ఒకటో మలుపుట, అక్కడ దిగి చూస్తే సముద్రం మూడు వైపులా కనిపిస్తుందిట."

"అక్కడ ఆగకూడదు," అన్నారు జాగ్రత్తగారు.

"ఏం?"

"గాలి."

"గాలి కోసమే కదండీ వెళ్తోంది!"

"నలభై ఒకటా?" అని బావమరిది అందుకున్నాడు. "అబ్బో, మా డ్రైవర్లకి ఆ మలుపంటే హడలు బావా. మూడు హారన్లు కొడతారు. ముందొకటి, ఎదురొచ్చేవాడికి. మధ్యలో ఒకటి, దేవుడికి. దాటాక ఒకటి, బతికాం అని."

"మూడోది కొట్టకపోతే?" అని అడిగారు జాగ్రత్తగారు.

"ఎందుకు కొట్టరు! అక్కా, బావ మొహం చూడు, సున్నం వేసినట్టయింది. బావా, కారులో నువ్వు వెనక కూర్చో. ముందు కూర్చుంటే నీ కాలు లేని బ్రేకు తొక్కి తొక్కి కారుకు కన్నం పడుతుంది."

ఆయన ఆ వారమంతా ప్రణాళిక వేశారు. మొదట, రైల్లో అవతలి చివరికి పోయి అక్కడ కారు అద్దెకు తీసుకుని ఇటు రావాలన్నారు. అలా అయితే కారు కొండ వైపుంటుంది, సముద్రం వైపు కాదు. "మరి మన కారు?" అంది ఆవిడ. తర్వాత, ఇరవై ఎనిమిదో మలుపు దగ్గర లోపలి దారి పట్టి అరవయ్యో మలుపు దగ్గర బయటపడదామన్నారు. "అంటే సముద్రం చూడ్డానికి వెళ్ళి పొలాలు చూసి రావాలన్నమాట," అన్నాడు బావమరిది. చివరికి ఆవిడ ట్రేసింగ్ కాగితం ఆయన ముందు పెట్టి, "చక్కగా రోడ్డు గీసివ్వండి. ముప్ఫై ఒక్క ఏళ్ళూ ఆఫీసుకు గీశారు, ఒక్కటి నాకు గీయలేరా?" అంది.

ఆ మాటకు ఆయన లొంగారు. రెండు సాయంత్రాలు కూర్చుని గీశారు. రేవులు, వంతెనలు, పెట్రోలు బంకులు, కొండవాలు అన్నీ కుదిరాయి. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని వేలుతో దారి వెంట నడుస్తూ ఒకచోట ఆగింది.

"ఇదేంటండీ, అన్ని గోడలూ గట్టిగా కుట్టి, ఇక్కడ ఒక్కచోట కచ్చాకుట్టు వేసి వదిలేశారు?"

జాగ్రత్తగారు చూశారు. నలభై ఒకటో మలుపు దగ్గర చుక్కలున్నాయి. తాను పెట్టినట్టు ఆయనకే తెలీదు. పదకొండేళ్ళు నోరు దాచింది చెయ్యి కక్కేసింది.

ఆయన చెప్పారు. చెప్పడానికి నాలుగు నిమిషాలు పట్టింది.

"పదకొండేళ్ళా?" అంది ఆవిడ. తిట్టి ఉంటే ఆయనకు బాగుండేది. "మా తమ్ముడి డిపో బస్సులన్నీ అటే కదండీ పోయేది. కచ్చాకుట్టు మీద బట్ట ఎవరైనా ఇచ్చేస్తారా? వేసుకున్నవాళ్ళకి తెలుస్తుందా అది ఎప్పుడు విడుతుందో?"

మర్నాడు ఆయన పెద్ద ఇంజనీరు గదిలోకి వెళ్ళారు. ఈసారి తలుపు కీలు ప్రస్తావన తేలేదు. ఆ ఇంజనీరు ఆయన కొడుకు వయసువాడు, మర్యాదస్తుడు.

"గోడ ఉంది కదా గురువుగారూ," అన్నాడు నక్షా తెరిచి.

"లేదు సార్."

"ఇదిగో ఉంది!"

"అది నేను గీశాను సార్."

"మీరు గీసినవన్నీ ఉన్నవే కదా?"

"అదొక్కటీ తప్ప సార్."

ఇంజనీరు లేచి తలుపు వేశాడు. భయం అంటువ్యాధి. ఇప్పుడది బల్ల అవతలికి కూడా పాకింది. "చూడండి, ఈ జాబితాల మీద గత నాలుగేళ్ళుగా సంతకం నాది. మీకు ఇంకా పద్నాలుగు నెలలే సర్వీసు. ఇది కాగితం మీదకి వస్తే విచారణ మీ ఒక్కరితో ఆగదు." పెన్ను మూత బిగించాడు. "ఇంతకీ గోడ లేదని మీరు కళ్ళారా చూశారా?"

"లేదు సార్."

"మరి ఎలా రాస్తారు? తర్వాత ఎవరైనా కట్టారేమో. చూసి రండి. చూసి, కొలిచి, రాసివ్వండి. రాసిస్తే నేను తీసుకోక తప్పదు." తర్వాత గొంతు తగ్గించి, "చూడకపోతే రాయక్కర్లేదు," అన్నాడు.

దయగల మాటే. ఆ దయ మీద జాగ్రత్తగారు ఇల్లు చేరేదాకా ఆలోచిస్తూ వచ్చారు. పద్నాలుగు నెలలు కళ్ళు మూసుకుంటే చాలు. ఇంటికొచ్చేసరికి ఆవిడ కారు తుడుస్తోంది.

"శనివారం తెల్లారగానే," అంది, ఆయన వైపు చూడకుండా.

శనివారం ఆయన తాళం ఒక్కసారే లాగారు. అది చూసి, సంగతంతా అక్క నోట విని వెంట వచ్చిన బావమరిది మొదటిసారి కంగారుపడ్డాడు. కారులో ఆయన ముందు సీట్లోనే కూర్చున్నారు. ఆవిడ నిదానంగా, ఒక అంచు వెంబడి కుట్టు వేస్తున్నట్టు నడిపింది. ఒకటో మలుపు, రెండో మలుపు. ఆయన లెక్కపెడుతూనే ఉన్నారు. కాగితం మీద అరంగుళం ఉండే కొండ ఇక్కడ ఆకాశాన్ని కప్పేస్తోంది. నీలం సిరా పూసిన చోట నీళ్ళు ఎక్కడో పాతాళంలో రాళ్ళకు కొట్టుకుంటున్నాయి. లైట్‌హౌసు దగ్గర ఆగారు. ఎవరూ దిగలేదు.

ముప్ఫై తొమ్మిది. నలభై.

కొండ వైపున్న జాగాలోకి కారు తిప్పి ఆపింది. చక్రాల కింద ఆయన రాళ్ళు పెట్టారు. ఎర్ర లైనింగు గుడ్డ ఒకటి పట్టుకుని బావమరిది, వచ్చే బళ్ళను ఆపడానికి మలుపు ముందు నిలబడ్డాడు. ఆయనా ఆవిడా అంచు వైపు నడిచారు.

గోడ లేదు. గోడ ఉండాల్సిన చోట వరసగా డ్రమ్ములున్నాయి, పాత తారు డ్రమ్ములు. లోపల కాంక్రీటు పోసి, పైన తెల్ల రంగు పూసి, ఎవరో నిలబెట్టారు.

"మా డ్రైవర్లే బావా," అని బావమరిది దూరం నుంచి అరిచాడు. "తలా ఒకటి పెట్టారు. అర్జీలు పెడితే గోడ ఉందని జవాబొచ్చిందిట!"

ఆవిడ మెడలోని కొలత టేపు తీసి ఒక చివర ఆయనకిచ్చింది. ఆయన అంచున కూర్చుని టేపు పట్టుకున్నారు. ఒకటిన్నర మీటరు చొప్పున, సుద్దముక్కతో గుర్తు పెడుతూ, గోడ లేనితనాన్ని ఆవిడ నడుం కొలిచినట్టు కొలిచింది. పదో కొలత దగ్గర ఇద్దరూ ఆగారు. నాలుగో డ్రమ్ముకీ ఐదో డ్రమ్ముకీ మధ్య ఇంకొకటి ఉండాల్సిన జాగా ఖాళీగా ఉంది. నేల మీద గుండ్రటి మచ్చ, దాని నుంచి అంచు దాకా ఈడ్చుకుపోయిన గీత. నిండు గీత.

"గాలికి దొర్లి ఉంటుందిలే బావా," అన్నాడు దగ్గరకొచ్చిన బావమరిది. కాంక్రీటు పోసిన డ్రమ్ము గాలికి దొర్లదని మెకానిక్కుకి తెలుసు. వాడి గొంతులో ఈసారి హాస్యం లేదు. జాగ్రత్తగారు అంచుమీద బోర్లా పడుకుని కిందకి చూశారు. నురగ, రాళ్ళు. రాళ్ళ మధ్య ఏదో తెల్లగా ఉంది. డ్రమ్మే కావచ్చు. నురగ కావచ్చు. ఎంతసేపు చూసినా తేలలేదు. ఏ పేపరు, ఏ తేదీ, ఏ రోజు తాను టీ తాగారో ఆయన మనసులో తిరగేస్తూనే ఉన్నారు.

లేచి, కారు బానెట్ మీద కాగితం పెట్టుకుని రాశారు. "నలభై ఒకటో మలుపు. స్వయంగా చూశాను. ఇరవై ఎనిమిది మీటర్ల మేర గోడ లేదు, ఎప్పుడూ లేదు. నక్షాలో ఉన్న గీత నాది. ఒక డ్రమ్ము పడిపోయి ఉంది, కింద ఏముందో వెంటనే వెతికించాలి." తేదీ వేసి, కింద సంతకం చేశారు.

ఆవిడ ఎర్ర గుడ్డను నాలుగో డ్రమ్ము నుంచి ఐదో డ్రమ్ముకు అడ్డంగా కట్టింది. ఆయన ముడిని మూడుసార్లు లాగి చూశారు. నాలుగోసారి అడక్కుండానే ఆవిడ లాగింది.

"మిగతా మలుపులో?" అన్నాడు బావమరిది.

"అవి తర్వాత," అంది ఆవిడ, కారు వెనక్కి తిప్పుతూ. "సోమవారం దాకా ఆగేది కాదు ఇది. ఆ ఇంజనీరుగారి ఇల్లెక్కడో మీకు తెలుసు కదండీ?"

"తెలుసు."

ముప్ఫై తొమ్మిదో మలుపు తిరుగుతుండగా ఎదురుగా బస్సొకటి వచ్చి పక్క నుంచి దాటిపోయింది. నిండా జనం. కిటికీల దగ్గరున్నవాళ్ళందరూ సముద్రం వైపే చూస్తున్నారు. ఆవిడ కారు పక్కకి తీసి ఆపింది. ఎందుకని ఎవరూ అడగలేదు. కొండ వెనక నుంచి మొదటి హారన్ వినిపించింది. కాసేపటికి రెండోది.

కారులో ముగ్గురూ మూడోదాని కోసం వింటూ కూర్చున్నారు.