దూలం మీది మసి

ఇంగ్లండులో ష్రాప్‌షైర్ కౌంటీ పల్లెల్లో పెద్ద ఇళ్ల పనిపిల్లలకి క్యారెక్టర్ అంటే గుణం కాదు, కాగితం. ఈ పిల్ల నమ్మకస్తురాలు, శుభ్రంగా ఉంటుంది, నిప్పూ దీపం జాగ్రత్తగా చూసుకుంటుంది అని పాత దొరసాని రాసిస్తేనే కొత్త దొరసాని గడప తొక్కనిచ్చేది. హెట్టీ బెడ్డోస్‌కి ఆ కాగితం దక్కలేదు.

అది 1947 చలికాలం. కౌంటీ అంతా మంచులో కూరుకుపోయింది. పదహారేళ్ల హెట్టీ విట్‌కాట్ హాల్‌లో పనిపిల్ల, అటక గదిలో పడక. మంచు కరిగి కప్పు కారేసరికి దూలాల మీది పాత సున్నం పెచ్చులు పెచ్చులుగా ఊడిపడింది. కారేచోటు చూడ్డానికి ఫార్లో దొరసాని జన్మలో మొదటిసారి ఆ అటకెక్కింది. హెట్టీ మంచానికి సరిగ్గా పైన, దూలం మీద, బొటనవేలంత కాలిన మచ్చ కనబడింది.

"కొవ్వొత్తి పెట్టుకుని, పడుకుని పుస్తకాలు చదువుతున్నావా?"

"చదువుతానమ్మా. ఇది మాత్రం నేను కాల్చలేదు."

"ఒప్పుకో, క్యారెక్టర్ రాసిస్తాను. లేదంటే ఉత్తచేతుల్తో పో."

హెట్టీ ఉత్తచేతులతోనే పోయింది. మొండిఘటం. ఆ తర్వాత కౌంటీలో ఒక్క పెద్దింటి తలుపూ ఆమెకి తెరుచుకోలేదు. బీట్‌దుంపలు పీకింది, డామ్‌సన్ పళ్లు కోసింది, లడ్లో ఊళ్లో లాండ్రీలో ముప్ఫై ఏళ్లు దుప్పట్లు పిండింది. పెళ్లయింది, మొగుడు పోయాడు. "మసి హెట్టీ" అన్న పేరు మాత్రం పోలేదు.

క్రిస్మస్ ముందు చర్చిలో కొవ్వొత్తుల ప్రార్థన ఉంటుంది. చర్చి పెద్ద గఫ్ పళ్లెం పట్టుకుని వరస వరసకీ కొవ్వొత్తులు పంచుతూ వచ్చి, హెట్టీ దగ్గర ఆగేవాడు. "నీకొద్దులే హెట్టీ, పాత చర్చి కప్పు, అంటుకుంటుంది." అందరూ నవ్వేవాళ్లు. ఆయన పోయాక కొడుకు సిరిల్ పళ్లెంతోపాటు ఆ హాస్యాన్నీ అందుకున్నాడు. అరవై ఆరేళ్లు ఒకే హాస్యం, సిగ్గుండాలి. హెట్టీ కూడా నవ్వేది. నవ్వక ఏం చేస్తుంది? తనకే అనుమానం మరి. చదువుతూ చదువుతూ కునికిపాటు పడ్డానేమో, నేనే కాల్చానేమో అని. పడుకున్నప్పుడల్లా ఆ దూలం కళ్లముందుకొచ్చేది.

ఈలోగా పన్నులు కట్టలేక ఫార్లోలు ఇల్లు అమ్ముకున్నారు. ఇలాంటి ఇళ్లు కౌంటీలో ఎన్నో నేలమట్టమై, వాటి రాళ్లు పశువుల కొట్టాలకి పోయాయి. విట్‌కాట్ అదృష్టం బాగుంది. ఊరివాళ్లు సంఘం కట్టి కప్పు వేయించి, 2013లో జనానికి తలుపులు తెరిచారు. హెట్టీ పక్కింటి డోరీన్ టజ్ ఊరుకోలేదు.

"నీ మంచం ఎక్కడుండేదో చూపించు, పద."

"నా మోకాళ్లు అన్ని మెట్లు ఎక్కవే."

"నోరు ఎక్కడికైనా ఎక్కుతుంది గానీ మోకాళ్లు ఎక్కవా?"

అటక గదిలో చరిత్ర చెప్పే హెలెన్ అనే ఆవిడ సరిగ్గా ఆ దూలం మీదికే టార్చి వేసింది. నాలుగు వందల ఏళ్ల కిందట కౌంటీ అంతా కర్ర ఇళ్లేనట. ఒక్క రవ్వ పడితే వీధి వీధే బుగ్గి. అందుకని ఇంటికి నిప్పంటకూడదని మొక్కుకుని, మైనపు వత్తిని ఏటవాలుగా పెట్టి కావాలనే దూలానికి మచ్చ పెట్టేవాళ్లట. ఈ ఇంట్లోనే అలాంటివి ముప్ఫై ఒకటి ఉన్నాయట.

హెట్టీ కర్ర మీద ఆనుకుని నిలబడింది. "అమ్మాయ్, మసి మీద సున్నముందా, సున్నం మీద మసి ఉందా?"

హెలెన్ ఆశ్చర్యపోయింది. ఇన్ని నెలల్లో ఎవరూ అడగని ప్రశ్న అది. "మసి మీదే సున్నమండీ. ఇదిగో, గుంటలో తెల్లగా ఇంకా ఉంది. ఈ సున్నం వేసి రెండొందల ఏళ్లు దాటింది."

"అయితే నేను కాదన్నమాట," అంది హెట్టీ. కిటికీ గట్టు మీద కూలబడి, ఎనభై రెండేళ్ల మనిషి, చిన్నపిల్లలా ఏడ్చింది.

సంగతంతా డోరీన్ చెప్పింది. హెట్టీ కళ్లు తుడుచుకుని ఒక్కటే అడిగింది. "నాకు క్యారెక్టర్ రాసివ్వు తల్లీ. ఈ ఇంటి కాగితం మీద."

"ఇప్పుడెందుకే నీకు?" అంది డోరీన్.

"నాకు రావలసింది."

హెలెన్ రాసిచ్చింది. హెట్టీ కళ్లజోడు పెట్టుకుని చదివి, వెనక్కిచ్చేసింది. "'మాకు తెలిసినంతవరకు' అని ఉంది. అది కొట్టెయ్." హెలెన్ కొట్టేసింది.

ఆ డిసెంబర్‌లో సిరిల్ గఫ్ పళ్లెంతో వచ్చి, అలవాటుగా హెట్టీ దగ్గర ఆగాడు. "నీకొద్దులే హెట్టీ, పాత..."

"కాగితముంది నా దగ్గర," అంది హెట్టీ, చేతిసంచి తెరిచి చూపిస్తూ. "చదువు. పైకి చదువు."

సిరిల్ పళ్లెం కింద పెట్టి చదివాడు. హెట్టీ బెడ్డోస్, విట్‌కాట్ హాల్ పనిపిల్ల, నమ్మకస్తురాలు, నిప్పు విషయంలో జాగ్రత్త గలది. ఈసారి ఎవరూ నవ్వలేదు. అతను వంగి, ఒక కొవ్వొత్తి తీసి, తనే వెలిగించి ఇచ్చాడు.

పాటలన్నీ అయ్యేదాకా హెట్టీ దాన్ని నిటారుగా పట్టుకుంది. ఒక్క చుక్క మైనం కింద పడలేదు.